కేకు మనదే, బొమ్మ మనదేనా?

“నాలుగువందలమంది మెచ్చుకున్నారు పెద్దమ్మా! కొన్నది మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరూ నొచ్చుకున్నారు.”

కిందటి వేసవిలో ఒకనాటి సాయంత్రం మా చెల్లెలి కూతురు మా చిక్కడపల్లి ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా అన్న మాటలివి. చేతిలో పెద్ద అట్టపెట్టె. పెట్టెలో ఎవరూ ముట్టని కేకు.

దాని కాపురం అశోక్‌నగర్‌లో. అల్లుడి ఉద్యోగం పోయి అప్పటికి నాలుగు నెలలయింది. ఇంటద్దె ఆగదు, పిల్లల బడి ఫీజులూ ఆగవు. మంచి రోజుల్లో పిల్లల పుట్టినరోజులకని కొనుక్కున్న ఓవెను వంటింట్లో వుండనే వుంది. కేకులు చేసి అమ్మితే నాలుగు రాళ్ళు వస్తాయనుకుంది. తప్పేముంది? చేతిలో రుచి వున్న పిల్ల. ప్రెషర్ కుక్కరులో ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి నేను కేకు చేస్తుంటే పక్కన కూచుని నేర్చుకుంది. నా కేకు ఒక్కోసారి అడుగున మాడేది. దాని కేకు ఏనాడూ మాడి ఎరగదు.

మరి చిక్కు ఎక్కడ వచ్చిందయ్యా అంటే, అమ్మకంలో వచ్చింది. ముప్ఫై రోజుల్లో డిజిటల్ మార్కెటింగు నేర్పుతామని ఎవరో అంటే ఆరువేలు కట్టింది. రోజుకొక రీలు పెట్టు, ఊరూవాడా చూడాలి అన్నారట. ఊరూవాడా చూసే కేకు తన దగ్గర లేదు గనక, ఎక్కడిదో మూడంతస్తుల కేకు బొమ్మ తెచ్చి తన పేరు కింద పెట్టుకుంది. మెచ్చుకోళ్ళు వచ్చాయి. విశాఖపట్నం నుంచి వచ్చాయి, డల్లాస్ నుంచి వచ్చాయి. డల్లాస్ వాళ్ళు అశోక్‌నగర్ వచ్చి కేకు కొనరు కదా!

ఎట్టకేలకు నారాయణగూడ నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఆ ఇంటి తాతగారికి ఎనభయ్యో పుట్టినరోజు. గుడ్డు లేని కేకు కావాలన్నారు. రాత్రంతా కష్టపడి చేసి, అల్లుడి స్కూటరు మీద జాగ్రత్తగా పట్టుకెళ్ళింది. మామ్మగారు పెట్టె తెరిచి చూసి రెండే ప్రశ్నలు వేశారు.

“బొమ్మలో వున్నది ఇది కాదు కదమ్మా?”

దీనికి ఏదో సమాధానం చెప్పింది.

“పోనీలే. గుడ్డు వెయ్యలేదన్నావు సరే, గుడ్డు గిలక్కొట్టిన గిన్నెలో కలపలేదు కదా?”

దీనికి మాత్రం మా అమ్మాయి నోట మాట రాలేదు. గిన్నె బాగానే తోమింది. కాని గిన్నె అదే. అబద్ధం ఆడితే అడిగేవారు లేరు. ఆడలేకపోయింది. తీసుకున్న డబ్బు అక్కడే తిరిగి ఇచ్చేసి, కేకుతో సహా మా ఇంటికి వచ్చింది.

ఏడుస్తున్న పిల్లని ఇంట్లో కూచోబెట్టి నీతులు చెప్పడం నాకు చేతకాదు. మొహం కడుక్కోమని, నారాయణగూడ తాజ్‌మహల్ హోటలుకి తీసుకెళ్ళాను. ఇడ్లీ వచ్చింది. కాఫీ వచ్చింది. కాస్త కుదుటపడ్డాక అడిగాను: “ఈ హోటలుకి నన్ను మొదట ఎవరు తీసుకొచ్చారో తెలుసా? మీ పెదనాన్నగారు. ఆయన్ని వాళ్ళ నాన్నగారు తీసుకొచ్చారు. ఇవాళ నిన్ను నేను తీసుకొచ్చాను. దీనికి ఎంత ఖర్చయిందంటావు ప్రకటనలకి?”

తాజ్‌మహల్ హోటలు ఆబిడ్స్‌లో 1948లో మొదలైంది. మొజంజాహి మార్కెట్టు దగ్గర కరాచీ బేకరీ 1953లో వెలిసింది. దేశ విభజనలో సింధు దేశం వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీగారు, వదిలి వచ్చిన ఊరి పేరే దుకాణానికి పెట్టుకున్నారు. ఆ ఫ్రూట్ బిస్కట్లు ఊళ్ళకి వెళ్ళేవాళ్ళ సంచుల్లోనే దేశమంతా తిరిగాయి. తిన్నవాడు ఇంకొకడికి పెట్టాడు. ఆ ఇంకొకడు ఈ ఊరు వచ్చినప్పుడు దుకాణం ఎక్కడని అడిగాడు. ఫోను రాకముందు మార్కెటింగు అంటే ఇదే. ఫోను వచ్చాక కూడా ఇదే. కాకపోతే నోటి మాట ఇప్పుడు వేలి కొసకి వచ్చింది.

ఈ శీర్షిక చదివే సోదరీమణుల్లో ఇంట్లో పిండివంటలో, పచ్చళ్ళో, కేకులో చేసి అమ్మాలనుకునేవారు చాలామంది వుంటారు. ఆ తరవాత మేమిద్దరం చేసిన పనులు వారికి పనికొస్తాయని చెబుతున్నాను.

మొదట గిన్నెలు. గుడ్డు లేని కేకుకి గిన్నె, గరిటె, అచ్చు వేరే కొన్నాం. మన దేశపు చట్టం ప్రకారం గుడ్డు వేసిన తిండి మాంసాహారం కిందే లెక్క. శాకాహారానికి వేసే ఆకుపచ్చ చుక్క దాని మీద వెయ్యకూడదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద ఇంట్లో చేసి అమ్మేవారు కూడా పేరు నమోదు చేయించుకోవాలి. 14 అంకెల నంబరు ఇస్తారు. మామ్మగారు వేసిన ప్రశ్నకి సగం జవాబు ఆ చుక్కా ఆ నంబరూ చెబుతాయి. మిగతా సగం మన మనస్సాక్షి చెప్పాలి.

రెండోది లెక్క. మైదా, వెన్న, పంచదార కలిపి ధర కట్టేది మా అమ్మాయి. పెట్టె, స్కూటరు పెట్రోలు, కరెంటు లెక్కలో లేవు. 1500 వాట్ల ఓవెను గంటసేపు నిండుగా కాలితే యూనిట్టున్నర. అన్నిటికీ మించి తన చాకిరీ లెక్కలో లేదు. ఇంట్లో ఆడదాని కష్టానికి ఖరీదు కట్టడం మనకి అలవాటు లేదు గాని, అమ్మకానికి దిగాక అలవాటు చేసుకోవాలి.

మూడోది బొమ్మ. ఎరువు తెచ్చుకున్న బొమ్మలన్నీ తీసేయించాను. కిటికీ పక్కన, పొద్దుటి వెలుతురులో, తను చేసిన కేకునే ఫొటో తీసింది. పక్కన బరువు, ధర, గుడ్డు వుందో లేదో రాసింది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో ఇవన్నీ జాబితాగా పెట్టుకోవచ్చు, డబ్బు ఖర్చు లేదు. అందరికీ ఒకేసారి కబురు పంపే సదుపాయమూ అందులో వుంది. అయితే మన నంబరు తమ ఫోనులో రాసుకున్నవారికే ఆ కబురు చేరుతుంది. నాకు ఇది బాగా నచ్చింది. పిలవని పేరంటానికి వెళ్ళకుండా వాళ్ళే కట్టడి చేశారు!

నాలుగోది చిరునామా. గూగుల్ మ్యాపులో దుకాణం పేరు ఉచితంగా పెట్టుకోవచ్చు. ఇంట్లో చేసుకునేవారు ఇంటి నంబరు దాచి, ఏయే పేటలకి సరుకు ఇవ్వగలరో అంతవరకే చూపించవచ్చు. ఆడపిల్లలున్న ఇంటికి ఇది ముఖ్యం. ‘కలల తీపి లోకం’ అని రాస్తే ఎవరూ వెతకరు. ‘గుడ్డు లేని కేకు, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ’ అని రాస్తే వెతికేవాడికి దొరుకుతుంది.

అయిదోది డబ్బు పెట్టి వేసే ప్రకటన. ఇంటి చుట్టూ ఇన్ని కిలోమీటర్లని గిరి గీసి, ఆ గిరిలో వున్నవారికే చూపించమనవచ్చు. 500 రూపాయలు పెడితే 5 ఆర్డర్లు వచ్చాయనుకోండి. ఒక్కొక్క ఆర్డరుకి 100 పోయినట్టు. కేకు మీద మిగిలేది 80 అయితే అమ్మినకొద్దీ నష్టమే. కాని అదే మనిషి రెండోసారి తనంతట తానే వస్తే ఆ వంద మళ్ళీ ఖర్చు కాదు. మొదటిసారి ప్రకటన తీసుకొస్తుంది, రెండోసారి రుచి తీసుకొస్తుంది. తాజ్‌మహల్ కాఫీ రహస్యం ఇదే.

ఆరోది పొగడ్త. డబ్బులిస్తే యాభై మంచిమాటలు రాసిపెడతామని ఎవరో ఫోను చేశారు. వద్దన్నాం. 2022 నవంబరులో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ అభిప్రాయాలకి ఐ.ఎస్. 19000 అని ఒక ప్రమాణమే ప్రకటించిందంటే, ఈ దొంగ పొగడ్తలు ఎంత పెరిగాయో ఊహించుకోండి. కొన్నవారిని అడిగి రాయించుకోవాలి. బాగాలేదని రాసినా చెరిపెయ్యకుండా జవాబివ్వాలి.

ఇంతా చేసి, అసలు బేరం మా అమ్మాయి వీధిలోనే వుంది. గ్రూప్ పరీక్షలకి చదువుకునేందుకు జిల్లాల నుంచి వచ్చిన పిల్లలతో అశోక్‌నగర్ కిటకిటలాడుతుంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల గదుల్లో, హాస్టళ్ళలో వుండి, మెస్సుల్లో తిని చదువుకుంటారు. వాళ్ళకి మూడంతస్తుల కేకు దేనికి? ఎనిమిదిమంది చందా వేసుకుని కొనగలిగే అరకిలో కేకు కావాలి. ఫ్రిజ్ లేని గదిలో రెండురోజులు నిలిచేది, క్రీము లేనిది కావాలి. పెరుగూ సోడా వేసి చేసే సాదా కేకు సరిగ్గా సరిపోయింది. పెరుగులో పులుపు తగలగానే సోడా బుడగలు కక్కుతుంది, ఆ బుడగలే కేకుని పొంగిస్తాయి. అంచేత కలిపిన వెంటనే ఓవెనులో పెట్టెయ్యాలి. పిండి కలిపి ఫోను చూస్తూ కూచుంటే బుడగలు కాస్తా పోయి కేకు అట్టులా అణిగిపోతుంది. ఇది నేర్పడానికి నేను ఆరువేలు తీసుకోలేదు!

ఏడాది గడిచింది. అల్లుడికి చిన్న ఉద్యోగం దొరికింది, జీతం మునుపటంత లేదు. ఇంటద్దె ఆయన జీతంలోంచి, పిల్లల ఫీజులు కేకుల మీంచి గడుస్తున్నాయి. మేడలు కట్టలేదు గాని, అప్పు చెయ్యలేదు.

కొత్త గిన్నెలు కొన్న వారానికే మా అమ్మాయి చిన్న కేకు ఒకటి చేసి నారాయణగూడ పట్టుకెళ్ళింది. డబ్బు పుచ్చుకోలేదు. “ఇది వేరే గిన్నెలో చేసింది మామ్మగారూ” అని చెప్పి వచ్చేసింది. తిన్నారో లేదో తెలియదు. అడగడానికి మొహం చెల్లలేదు.

మొన్న ఫోను మోగింది. తాతగారికి ఎనభయ్యొకటో పుట్టినరోజుట. కేకు కావాలిట. ఇది కంగారుగా, “ఫొటోలు పంపుతాను మామ్మగారూ, ఏది నచ్చిందో చెప్పండి” అంది.

“బొమ్మలెందుకమ్మా? కేకు పంపు” అన్నారావిడ.