వెన్ను విరిగిన వానిని కూర్చోబెట్టరాదు

తాటివనాలున్న మన నల్గొండ జిల్లాలో గీత కార్మికుడు చెట్టుపై నుంచి పడ్డాడన్న వార్త ఎవరికీ కొత్త కాదు. మోకు జారుతుంది, లేదా తెగుతుంది. కేక విని చుట్టుపక్కల చేలలోని వారు పరుగెత్తుకు వస్తారు. ఒకరు చంకల కింద చేతులు వేస్తారు, మరొకరు కాళ్లు పట్టుకొంటారు. ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టి పట్నానికి తీసుకుపోతారు. వారి ఆదుర్దాను తప్పు పట్టలేము. కాని పడినప్పుడు ఆడుతున్న కాళ్లు ఆసుపత్రి చేరేసరికి చచ్చుబడడానికి ఆ ప్రయాణమే కారణం కావచ్చునని గ్రామస్థులు గ్రహించవలసి వున్నది.

ఎత్తు నుంచి పిరుదులపైనో, మడమలపైనో పడిన వానికి ఎక్కువగా విరిగేది వీపు, నడుము కలిసే చోటనున్న పూస. పక్కటెముకల బిగింపు వున్న పై పూసలు అంతగా కదలవు, కింది నడుము పూసలు వంగుతాయి. దెబ్బ బలమంతా ఆ సంధిపై పడుతుంది. వెన్నుపాము ముగిసేదీ ఆ ప్రాంతంలోనే. పగిలిన పూస ముక్క వెనుకకు చొచ్చుకు వస్తే కాళ్ల బలమూ, మలమూత్రాలపై పట్టూ పోతాయి.

విరిగిన ప్రతి పూసకూ ఆపరేషన్ అక్కరలేదు. నరాలు బాగుండి, ఎముక నిలకడగా వుంటే నడుము పట్టీతో సుమారు మూడు నెలల్లో అతుకుతుంది. పూస చితికి నిలకడ తప్పినా, కాళ్లలో పట్టు తగ్గినా డాక్టర్లు వీపు కోసి, దానికి పైనా కిందా వున్న పూసలలో మరలు బిగించి కడ్డీలతో కలుపుతారు. నరాలపై ఒత్తిడి తొలగిస్తారు. నరాలు దెబ్బతిన్నప్పుడు వీలైతే 24 గంటల లోపే చేయడం మేలని నేటి వైద్యం చెబుతున్నది. నడుములో మేకులు కొడితే మనిషి ఇక పనికిరాడని రచ్చబండల వద్ద వినవచ్చే మాట నిజం కాదు. ఆ కడ్డీల ఆసరాతోనే రోగి త్వరగా లేచి కూర్చోగలుగుతాడు. అయితే పూర్తిగా నలిగిపోయిన వెన్నుపామును ఏ ఆపరేషనూ తిరిగి బతికించలేదు. చెట్టు కింద గడిచే తొలి అరగంటను గురించి ఇంతగా చెప్పవలసి రావడం అందుకే.

పడిన వానిని లేపరాదు. 108కు ఫోన్ చేసి, వాహనం వచ్చేదాకా పడిన చోటనే వుంచాలి. కదిలించక తప్పకపోతే నలుగురైదుగురు కలిసి, ఒకరు తల పట్టుకొని, ఒంటిని దుంగ దొర్లించినట్లు ఒక్కసారిగా తిప్పి తలుపు చెక్కపైకి చేర్చాలి. నులక మంచం పనికిరాదు, నడుము వద్ద కుంగుతుంది. వెన్ను దెబ్బకు పిసికించడం, నాటు కట్టు కట్టించడం మరీ ప్రమాదం.

ఖర్చుకు వెరవనక్కరలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. 2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య రక్ష పేర గీత కార్మికులకు రక్షణ కిట్ల పంపిణీని ప్రారంభించింది. మంచి పనే. అందుకొన్న కిట్టును అలవాటు లేదంటూ అటకెక్కించే వారికి ఇంటివారే నచ్చచెప్పాలి.

ప్రతి గీత సహకార సంఘంలో ఒక గట్టి చెక్క, దానిని వాడడం తెలిసిన నలుగురు మనుషులు వుండాలి. దానికెంత ఖర్చవుతుంది? ఎక్సైజు, వైద్య శాఖల వారు తాటికల్లు రోజులు మొదలయ్యేలోగా ఈ శిక్షణ జరిపించాలి. వెన్నుపూస ఆపరేషన్‌కు ఏ వూరి వారిని ఏ ఆసుపత్రికి నేరుగా పంపాలో ముందే తేల్చి, సంఘాలకు రాతపూర్వకంగా తెలపాలి.