రాసేది యంత్రమైనా వేలిముద్ర మనది

కరణం రాసిందే రాత, మునసబు చెప్పిందే మాట అయిన రోజుల్ని మన తాతలు చూశారు. కాగితంలో ఏం రాసి ఉందో తెలియకుండానే దాని కింద వేలిముద్ర వేశారు. ఆ పదవులు 1984లో రద్దయ్యాయి. అయినా కలం నేరుగా మన చేతికి రాలేదు. మండలాఫీసు ముందు చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవాడి చేతికి పోయింది. పింఛనుకో, పట్టాకో కాగితం కావాలంటే అతనికి డబ్బులిచ్చి, అతను రాసింది పట్టుకుని లోపలికి పోవడమే.

ఇప్పుడా రాతగాడు సెల్‌ఫోన్లోకి వచ్చాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. దాని వెనకాలే జెమినై, క్లాడ్ వచ్చాయి. 2024లో మెటా ఏఐ మన వాట్సాప్‌లోనే వచ్చి కూర్చుంది. అడిగితే అర నిమిషంలో అర్జీ రాసిస్తుంది. ఏ కులమని అడగదు, చెప్పులు బయట విడవమనదు. చదువుకున్న మన పిల్లలు దీన్ని పట్టుకున్నారు. మంచిదే. ఇవన్నీ ఎందుకనే పెద్దమనుషులకి ఇంట్లోనే లాయరుంటాడు, ఆఫీసులో చుట్టం ఉంటాడు. మనకెవరున్నారు? కనుక వాడదాం. ఎట్లా వాడాలన్నదే ప్రశ్న.

"ఏది మంచిది సార్?" అని అడుగుతున్నారు. పేరు చూసి, ప్రకటన చూసి ఎంచుకోవద్దు. ఎద్దును కొనేవాడు పళ్ళు పట్టి చూస్తాడు, కాడికి కట్టి నడిపించి చూస్తాడు. ఇదీ అంతే. జవాబు మనకి ముందే తెలిసిన ప్రశ్న అడగాలి. సమాచార హక్కు దరఖాస్తుకి ఫీజెంత అని అడగండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి ఎక్కడా లేదు. అన్నిచోట్లా పదే అని గట్టిగా చెప్పిందంటే దానికి మన ఊరి సంగతి తెలియదన్నమాట. మోసం కేసుకి ఏ సెక్షన్ అని అడగండి. 420 అంటే అది పాత చట్టం. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకి భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అందులో మోసం 318వ సెక్షన్.

ఒకే ప్రశ్న రెండు మూడింటిని అడిగి జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. మన యాసలో మాట్లాడి చూడండి. "ఇది నాకు సరిగ్గా తెలియదు, ఫలానా చోట కనుక్కోండి" అనేదాన్ని కొంచెం ఎక్కువ నమ్మొచ్చు. వీటిని పరిమితంగా ఉచితంగానే వాడుకోవచ్చు. మన అర్జీలకి అది చాలు. అది చాలదని తేలేదాకా ఎవరికీ నెలనెలా డబ్బు కట్టొద్దు.

ఇది తప్పెందుకు చెబుతుంది? ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి రాయడం దాని పని. అది చదివినదాంట్లో ఇంగ్లీషు కొండంత, తెలుగు పిడికెడు. ఆ పిడికెడులో మన వాడల బతుకు ఎంత? తెలియని చోట ఆగకుండా అల్లుకుంటూ పోతుంది. 2023లో న్యూయార్క్‌లో లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పుల్ని కోర్టులో చూపించారు. ఆ తీర్పులు అసలు ఎక్కడా లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. లాయర్లు జరిమానా కట్టి బయటపడతారు. తప్పుడు కాగితం పట్టుకుని మన అవ్వ పింఛను కోసం ఎన్ని నెలలు తిరగాలి?

అంతకన్నా పెద్ద ప్రమాదం దాని మర్యాద. "బజార్లో నలుగురి ముందు కులం పేరు పెట్టి తిట్టాడు" అని మనం చెబితే, దాన్ని నున్నగా చెక్కి "అనుచితంగా ప్రవర్తించారు" అని రాయగలదు. చదవడానికి బాగానే ఉంటుంది, కేసు మాత్రం నీరుగారిపోతుంది. 1989 అట్రాసిటీ చట్టంలో కులం పేరుతో తిట్టడం నేరం కావాలంటే అది జనం కంటపడే చోట జరిగి ఉండాలి. అన్న మాట, అన్న చోటు, చూసిన మనుషులు, ఈ మూడూ కాగితంలో ఉండాల్సిందే. మన నోటిమాటని శిష్టభాషలోకి దిద్దడం మనకి కొత్త కాదు, బడిలో మొదటిరోజు నుంచీ చూస్తున్నదే. ఇక్కడ ఆ దిద్దుబాటు మన సాక్ష్యాన్నే చెరిపేస్తుంది.

కనుక ముందు మనిషి చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాయండి. ఆ తర్వాతే ఫోను తీయండి. "నేను చెప్పనిది చేర్చొద్దు, నా మాటలు మార్చొద్దు" అని దానికి ముందే చెప్పండి. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, బాధితుల పేర్లు, సాక్షుల పేర్లు అందులో పెట్టొద్దు. మనం కొట్టిన ప్రతి అక్షరం కంపెనీ కంప్యూటర్లకి చేరుతుంది. ఆ చోట్లు ఖాళీగా వదిలి, తర్వాత చేత్తో నింపండి. సెక్షన్ నంబర్లని చట్టంతో సరిచూడండి, లేదా తెలిసిన వకీలుకి చూపించండి. చివరికి మొత్తం కాగితాన్ని ఆ మనిషికి పైకి చదివి వినిపించండి. "ఔను, నేనన్నది ఇదే" అన్నాకే సంతకం.

బడిపిల్లల సంగతీ ఇదే. ఇంట్లో చెప్పేవాళ్ళు లేక లెక్క దగ్గర ఆగిపోవడమంటే ఏమిటో మొదటితరం చదువరులమైన మనకి తెలుసు. ఈ యంత్రాన్ని పదిసార్లు అడిగినా విసుక్కోదు. "నేను చేసిన లెక్కలో తప్పెక్కడ?" అని అడిగే పిల్ల ఎదుగుతుంది. "వ్యాసం రాసివ్వు" అని అడిగి, వచ్చింది చూసి దించుకునే పిల్లకి అక్షరాలొచ్చినా వేలిముద్రే మిగులుతుంది.

ఇంకొక్క మాట. రాయలేనివాళ్ళు నోటితో అడిగినదాన్ని కాగితం మీద పెట్టడానికి అధికారే సాయం చేయాలని 2005 సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ చెబుతోంది. "ఫోనుంది కదా, రాసుకుని రా" అని ఎవరైనా అంటే ఆ సెక్షన్ గుర్తుచేయండి. యంత్రం వచ్చిందని ప్రభుత్వం బాధ్యత తీరిపోలేదు.

ఈ పక్షం రోజుల్లో ప్రతి వాడలో నలుగురు చదువుకున్నవాళ్ళు ఒకచోట కూర్చోండి. మీకు తెలిసిన పది ప్రశ్నలు రాసుకుని ఈ యంత్రాల్ని పరీక్షించండి. ఎక్కడ తప్పు చెప్పిందో మిగతావాళ్ళకి చెప్పండి. ఇన్నాళ్ళూ రాతగాళ్ళు మనల్ని పరీక్షించారు. ఇకనుంచి రాతగాణ్ణి మనం పరీక్షిద్దాం.