మనవలను పెంచే చేతులకు ఆసరా ఏది?

కరోనా రెండో ఉద్ధృతి వేళ, 2021 మే నెలాఖరున, తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకాన్ని ప్రకటించింది. నాలుగు వేలకు పైగా పిల్లలు దాని పరిధిలోకి వచ్చారు. 23 ఏళ్లు నిండేసరికి 10 లక్షల రూపాయలు వారి చేతికందే ఏర్పాటు అందులో ఉంది. ఆనాడు ఏడెనిమిదేళ్ల వయసున్నవారు ఇప్పుడు కౌమారంలో అడుగుపెట్టారు. వారిని అక్కున చేర్చుకున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు, పెద్దమ్మలకు కూడా అన్నేళ్ల వయసు పైబడింది. పిల్లల పేరిట ఎంత జమ అయిందో లెక్క ఉంది. పెంచేవారికి ఏమి అందిందన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించదు.

ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను జన్మతః తనదైన కుటుంబం కాక మరొక కుటుంబంలో ఉంచి పెంచడమని 2015 నాటి బాల న్యాయ చట్టం నిర్వచించింది. ఆ కుటుంబం శక్తిసామర్థ్యాలు, ఉద్దేశం, పూర్వానుభవం చూసి ఎంపిక చేయాలి. బాలల సంక్షేమ కమిటీ ప్రతి నెలా పరిశీలించాలి. 2024లో సవరించిన మార్గదర్శకాలు 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి వ్యక్తులకూ ఈ అవకాశం కల్పించాయి. పరాయి బిడ్డను పెంచబోయేవారి విషయంలో ఇంత జాగ్రత్త అవసరమే. కానీ 65 ఏళ్ల నాయనమ్మను ఎవరూ ఎంపిక చేయరు, వయసూ అడగరు. అంత్యక్రియలు ముగిసేసరికి బిడ్డ ఆమె ఒడిలో ఉంటుంది.

ఆమెకు చట్టం చూపే దారి ప్రధానంగా స్పాన్సర్‌షిప్. మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. అయితే కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. అందుకు మరణ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు ఖాతా సమకూర్చుకోవాలి. ఆస్తి తగాదా ఉంటే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు మెట్లెక్కాలి. చదువురాని వృద్ధురాలికి మొదటి శిక్షణ ఇక్కడే అవసరం.

అంతకంటే కష్టమైనది మరొకటి ఉంది. బిడ్డ కోల్పోయింది తల్లినైతే, అమ్మమ్మ కోల్పోయింది కడుపున పుట్టిన కూతురిని. ఒకే మరణానికి ఇద్దరూ దుఃఖిస్తూ, ఒకరి ముందు ఒకరు కన్నీరు దాచుకుంటారు. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు మళ్లీ పక్క తడపడం, బాగా చదివే పిల్ల బడికి పోనని మొండికేయడం ఆ దుఃఖానికి గుర్తులు కావచ్చునని ఆమెకు చెప్పేవారు లేరు. అది పెంకితనం అనుకుని చెయ్యి చేసుకుంటే తప్పంతా ఆమెదేనా? రజస్వల అయిన మనవరాలితో ఏమి మాట్లాడాలి, చేతిలోని ఫోన్‌ను ఎంతవరకు అదుపు చేయాలి అన్నవి తరువాతి ప్రశ్నలు.

రాజస్థాన్ 2005లోనే పాలన్‌హార్ పథకం తెచ్చింది. ఆ పేరు పెంచేవారిదే. బిడ్డను అంగన్‌వాడీకి, బడికి పంపాలన్న షరతుతో సాయం పెంచేవారికే అందుతుంది. గుర్తింపు పరంగా అది మేలైన అడుగు. అయినా సాయం నగదుతోనే ఆగరాదు. తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా మహిళా పొదుపు సంఘాలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీలు ఉన్నాయి. నెలకొకసారి ఇలాంటి పెద్దలను ఒకచోట కూర్చోబెట్టడానికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త శాఖ అంతకన్నా అక్కరలేదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్ నుంచి ఒక కౌన్సెలర్ వస్తే చాలు. సంఘాల్లో సాధారణంగా 60 ఏళ్లలోపు వారే ఉంటారు గనుక, పెద్దలను ప్రత్యేకంగా పిలవాల్సి ఉంటుంది.

చట్టంలో మరో వెలితి ఉంది. బాల న్యాయ చట్టం 46వ సెక్షన్ 18 ఏళ్లు నిండి సంరక్షణ సంస్థను వీడే యువతకు ఆర్థిక సాయం అందించవచ్చునంటుంది. బంధువుల ఇంట పెరిగినవారి ప్రస్తావన అందులో లేదు. పదేళ్ల మనవడిని 70 ఏళ్ల వయసులో చేరదీసిన అమ్మమ్మకు, అతనికి 18 నిండేనాటికి 78 ఏళ్లు. ఆ ఇంట స్పాన్సర్‌షిప్ ఆగిపోయే ఏడు కూడా అదే.