వికలాంగుల పింఛను - దళారుల బెడద

మగ్గపు గుంటలో దిగలేని నేతగాని ఇంట పూట గడుచుట ఎంత కష్టమో చేనేత సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. అట్టివారికి ప్రభుత్వ సహాయము కలదు. కాని ఆ దారిలో దళారి కూర్చున్నాడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. నూటికి 40 వంతులకు తగ్గని వైకల్యమున్నట్లు వైద్యులు ధ్రువీకరించినవారికి ప్రత్యేక సౌకర్యములు కలవు. ధ్రువపత్రమునకు, గుర్తింపు కార్డునకు దరఖాస్తు రుసుము లేదు. పింఛను నిబంధనలు మాత్రము రాష్ట్రమునకొక తీరు. ఆంధ్రలో 2024లో నెలకు 6,000 రూపాయలు చేసినారని విని, ఇక్కడను అంతే వచ్చునని దళారి చెప్పిన నమ్మరాదు.

"నలభై వేయిస్తాను, అయిదు వేలియ్యి" అనువాని మాట అసలే వినరాదు. మోసముతో సౌకర్యము పొందినచో 91వ సెక్షను క్రింద రెండేండ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండును పడవచ్చును. చిక్కుకొనునది మనవాడే. వైద్యుల నిర్ణయము అన్యాయమని తోచినచో 59వ సెక్షను క్రింద అప్పీలు చేసికొనవచ్చును.

అయినను దళారికి గిరాకి ఎందుకున్నది? మన ఇంటి మాట తెలుగు, ఆఫీసు ఫారము తమిళమో కన్నడమో. ఆధారు కార్డులో ఒక పేరు, రేషను కార్డులో మరొక పేరు.

కనుక ప్రతి సంఘమును చదువుకొన్న యువకుని ఒకనిని నియమించి, వారమున కొకదినము కాగితములు సరిచూపించి, ఆసుపత్రికి తోడు పంపవలెను. అతడు దరఖాస్తుదారుని వద్ద పైస పుచ్చుకొనరాదు. సంతకము చేసిన ఖాళీ కాగితము ఉంచుకొనరాదు. దారిఖర్చు సంఘమే భరించవలెను. రాబోవు కార్యవర్గ సమావేశములోనే ఈ విషయము తీర్మానింపవలెనని మనవి.