టవర్ మీద మనకూ హక్కుంది

"హాస్టల్ పిల్లలకు టీవీ ఎందుకు? బుద్ధిగా చదువుకోక!" అనే మాట మనకు కొత్త కాదు. మెస్ చార్జీలు పెంచమంటే పలకనివాళ్ళు కూడా ఈ సలహా మాత్రం అడక్కుండానే ఇస్తారు. మా అభిప్రాయం వేరు. రోజూ పేపరు కొనే స్తోమత లేని ఇంట్లో, ట్యూషన్‌కు పంపలేని ఇంట్లో పుట్టిన పిల్లలకు టీవీ ఒక కిటికీ. ఆ కిటికీ తాళంచెవి ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడం మన బాధ్యత. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో సినిమాల సంగతి, సీరియళ్ళ సంగతి పక్కన పెట్టి, బొమ్మ మన టీవీ దాకా వచ్చే దారి గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం.

ఆ దారులు మూడు. మొదటిది కేబులు. నెల నెలా డబ్బు కట్టాలి, కట్టకపోతే ప్రసారం ఆగిపోతుంది. రెండోది మేడ మీద పెట్టే గొడుగు, అంటే డిష్. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌ను అది పడుతుంది. మూడోది మనలో చాలామంది మరచిపోయిన దారి, టవర్. మన జిల్లాలోనో పక్క జిల్లాలోనో నిలబడిన దూరదర్శన్ టవర్ గాలిలోకి వదిలే సిగ్నల్‌ను మామూలు యాంటెన్నాతో నేరుగా అందుకోవడం. దానికి చందా లేదు, రీచార్జి లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ మూడో దారిని డిజిటల్ రూపంలో మన జిల్లాలకు తీసుకురావలసింది పోయి, ఉన్నదాన్నే మూసేశారు. మూసేటప్పుడు మనలాంటివాళ్ళను ఎవరూ అడగలేదు. ఇప్పుడైనా మనం అడగాలి అన్నదే ఈ వ్యాసం సారాంశం.

టవర్ మనకేమిచ్చింది?

పూర్వ విద్యార్థులకు బాగా గుర్తుండే ఉంటుంది. అల్యూమినియం గొట్టాల యాంటెన్నాను కర్రకు కట్టి, మేడ మీద ఒకరు తిప్పుతుంటే, కింద హాల్లోంచి "ఆగాగు, వచ్చింది... అయ్యో, పోయింది" అని పదిమంది అరిచేవాళ్ళు. బొమ్మ నిండా చుక్కలు, ఒక్కొక్క మనిషి వెనక ఇంకో నీడ మనిషి. అయినా వార్తలు చూశాం, క్రికెట్ చూశాం, పాఠాలు చూశాం.

మన దేశంలో టీవీ మొదలైనదే చదువు పేరు మీద. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైన ప్రసారాలు విద్య, సామాజిక విషయాల కోసమే. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో ఊరందరికీ కలిపి ఒక టీవీ పెట్టి వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి చూపించారు. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1980లలో దేశమంతటా రిలే కేంద్రాలు పెరిగాయి. ఒక దశలో దూరదర్శన్ ట్రాన్స్‌మిటర్ల సంఖ్య 1,400 దాటింది. చిన్న కేంద్రం చుట్టుపక్కల పదిహేను ఇరవై కిలోమీటర్లకు, పెద్ద కేంద్రం అరవై డెబ్బై కిలోమీటర్లకు బొమ్మను చేర్చేది. ఆ పరిధిలో కలెక్టరు బంగళా ఉన్నా, మన వాడ ఉన్నా టవర్‌కు తేడా లేదు. సిగ్నల్‌కు కులం లేదు, ఊరు వెలుపల ఆగిపోయే అలవాటూ లేదు.

డిజిటల్ అయితే ఏమిటి లాభం?

పాత పద్ధతిలో ఒక టవర్ ఒక ఫ్రీక్వెన్సీ మీద ఒక్క చానెల్ మాత్రమే పంపగలిగేది. డిజిటల్ పద్ధతిలో బొమ్మనూ శబ్దాన్నీ అంకెలుగా మార్చి, కుదించి పంపుతారు. పాత పద్ధతిలో ఒక చానెల్ పట్టే జాగాలో ఐదారు చానెళ్ళు పడతాయి. గోడలకూ కొండలకూ తగిలి ఆలస్యంగా వచ్చే సిగ్నల్ వల్ల పాత టీవీలో నీడ బొమ్మలు పడేవి. డిజిటల్‌లో ఆ బాధ లేదు. చుక్కలూ లేవు. అయితే ఒక కిటుకు ఉంది. సిగ్నల్ చాలినంత ఉంటే బొమ్మ అద్దంలా వస్తుంది, చాలకపోతే గళ్ళు గళ్ళుగా విరిగి అసలే ఆగిపోతుంది. మధ్యరకం అంటూ ఉండదు. అందుకే టవర్ దగ్గరలో ఉండటం, యాంటెన్నా ఎత్తుగా, సరైన దిక్కుకు ఉండటం ముఖ్యం. లేని సిగ్నల్‌ను ఏ బూస్టరూ పుట్టించలేదు.

2003లో దూరదర్శన్ నాలుగు మహానగరాల్లో డిజిటల్ టవర్ ప్రసారాలను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. తర్వాత డీవీబీ-టీ2 అనే మెరుగైన పద్ధతికి మారి, 2016 ఫిబ్రవరి 25 నుంచి 16 నగరాల్లో ఐదేసి చానెళ్ళను ఉచితంగా ఇచ్చింది. చిన్న డాంగిల్ తగిలించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే సెల్‌ఫోన్‌లో కూడా చూడవచ్చని చెప్పింది. ఆ 16 నగరాల జాబితాలో చెన్నై ఉంది, బెంగుళూరు ఉంది, కటక్ ఉంది, రాయపూర్ ఉంది. హైదరాబాద్ లేదు, విజయవాడ లేదు, విశాఖపట్నం లేదు. మన చుట్టూ ఉన్న రాష్ట్రాల్లో వెలిగిన దీపం తెలుగు నేల దగ్గరకు వచ్చేసరికి ఎందుకు వెలగలేదో ఏ నాయకుడూ గట్టిగా అడిగినట్టు మనకు వినపడలేదు.

2017లో ట్రాయ్ పాత ప్రసారాలను దశలవారీగా 2023 చివరికల్లా ఆపి, డిజిటల్ టవర్లను విస్తరించాలని సిఫారసు చేసింది. జరిగిందేమిటి? ఆపడం మాత్రం చకచకా జరిగింది. సరిహద్దుల వంటి కీలక ప్రాంతాల్లో సుమారు 50 ట్రాన్స్‌మిటర్లను ఉంచి, మిగిలిన పాత ట్రాన్స్‌మిటర్లన్నిటినీ 2022 మార్చి చివరికల్లా మూసివేస్తామని ప్రసార భారతి ప్రకటించింది. కాలం చెల్లిన యంత్రాలకు కరెంటు ఖర్చు దండగ అన్నారు, ఫ్రీక్వెన్సీలు 5జీ వంటి కొత్త అవసరాలకు పనికొస్తాయన్నారు. ఆ లెక్క తప్పని మేము అనడం లేదు. పాత యంత్రం తీసేయవలసిందే. కానీ పాతది తీసిన చోట కొత్తది పెట్టాలి కదా! ఇతర దేశాలు ఎలా చేశాయో చూడండి. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద టవర్ల పాత ప్రసారాలు ఆపేముందు, అడిగిన ఇంటికి 40 డాలర్ల కూపన్లు రెండేసి ఇచ్చారు, డిజిటల్ పెట్టె కొనుక్కోవడానికి. బ్రిటన్‌లో 2007 నుంచి 2012 దాకా ప్రాంతాలవారీగా మారుస్తూ, ముసలివాళ్ళకూ వికలాంగులకూ పెట్టె అమర్చి చూపించే పథకం నడిపారు. అక్కడ ముందు మనిషిని చూసుకుని తర్వాత స్విచ్ కట్టారు.

"డిష్ ఉంది కదా, సెల్ ఉంది కదా!"

ఇది మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దూరదర్శన్ 2004 డిసెంబరులో ప్రారంభించిన ఉచిత డిష్, ఇప్పటి డీడీ ఫ్రీడిష్, నిజంగా మేలు చేసింది. ఒకసారి గొడుగూ పెట్టే కొనుక్కుంటే నెల చందా లేదు. మారుమూల, గిరిజన ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీడిష్ పెట్టెలు ఇచ్చే పథకాన్ని 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది కూడా. దీన్ని తప్పుపట్టే ఉద్దేశం మాకు లేదు. మన హాస్టళ్ళన్నిటిలో ఫ్రీడిష్ ఉండాలనే మేమూ కోరుతున్నాం. కానీ గొడుగుకు ఆగ్నేయ దిక్కు ఆకాశం అడ్డం లేకుండా కనపడాలి. ముసురు పట్టిన రోజు, పాఠం సగంలో ఉండగా, బొమ్మ పోతుంది. ఒకే గదిలో అద్దెకుంటూ మేడ మీద అడుగు పెట్టనివ్వని కుటుంబం గొడుగు ఎక్కడ పెట్టుకోవాలి? టవర్ దగ్గరగా ఉంటే కిటికీలో పెట్టిన చిన్న యాంటెన్నా చాలు.

ఇక సెల్‌ఫోన్. 2020లో కరోనా వచ్చి హాస్టళ్ళు మూతపడినప్పుడు మనమందరం పెట్టెలు సర్దుకుని ఇళ్ళకు వెళ్ళాం. తెలంగాణలో ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ళలో పాఠాలు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానెల్‌లో పదో తరగతి పాఠాలు వచ్చాయి. మంచి ప్రయత్నమే. అయితే ఇంట్లో ఒక్క ఫోను ఉండి, అది నాన్నతోపాటు కూలికి వెళ్ళిపోతే పాఠం ఎక్కడ వినాలి? బాలెన్స్ అయిపోతే? కేబులు బకాయి ఉంటే? పాఠం తయారుగా ఉంది, చెప్పే మాస్టారు ఉన్నారు, వినే పిల్లలున్నారు. మధ్యలో దారికే డబ్బు కట్టాలి. ఈ ఒక్క అడ్డంకి దగ్గర మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఎందరో ఆగిపోయారు. కొందరు మళ్ళీ బడి ముఖం చూడలేదు.

సెల్‌కూ టవర్ టీవీకీ ఉన్న అసలు తేడా ఇదే. సెల్‌లో వెయ్యిమంది ఒకే పాఠం చూస్తే వెయ్యిమందికీ విడివిడిగా డేటా ఖర్చు. టీవీ టవర్ పదిమందికి పంపినా పదిలక్షల మందికి పంపినా ఖర్చు ఒక్కటే. పదకొండో వాడు చూసినందుకు పదోవాడికి తగ్గేదేమీ లేదు. చెరువు నీళ్ళు కాదు తరిగిపోవడానికి, ఎండ లాంటిది.

"పాఠాలు ఎక్కడున్నాయి, దూరదర్శన్ ఎవరు చూస్తారు?" అనేవాళ్ళూ ఉన్నారు. కార్యక్రమాలు చప్పగా ఉంటాయన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ పాఠాలకు కొరత లేదు. 2017లో 32 చానెళ్ళతో స్వయంప్రభ మొదలైంది. 2020లో ఒక్కో తరగతికి ఒక్కో చానెల్ అన్నారు, 2022 బడ్జెట్‌లో ఆ 12 చానెళ్ళను 200 చేస్తామన్నారు. సరుకు గోదాములో ఉంది, మన వీధికి బండి రావడం లేదు.

ఇది దయ కాదు, హక్కు

1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక క్రికెట్ ప్రసారాల కేసులో, గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని స్పష్టంగా చెప్పింది. 1990 నాటి ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్ చదవండి. చదువు వ్యాప్తికి ప్రత్యేక శ్రద్ధ చూపడం, గ్రామీణులకూ బలహీన వర్గాలకూ సేవ చేయడం ఆ సంస్థ విధుల్లో రాసి ఉంది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం జాతీయ ప్రాధాన్యం గల మ్యాచ్‌లను దూరదర్శన్‌తో పంచుకోవాలి. అయితే అలా పంచుకున్న ప్రసారం దూరదర్శన్ సొంత టవర్లలోనూ, సొంత ఉచిత డిష్‌లోనూ మాత్రమే రావాలి, కేబులులో కాదు అని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే చట్టం పేదవాడికి ఉచితంగా ఇచ్చిన మ్యాచ్ కూడా టవర్ ఉంటేనే, డిష్ ఉంటేనే అందుతుంది. టవర్ పోతే ఆ హక్కులో సగం పోయినట్టే.

ఇప్పుడు ఇంటర్నెట్ లేకుండా టవర్ నుంచి నేరుగా సెల్‌ఫోన్‌కే బొమ్మ పంపే డైరెక్ట్ టు మొబైల్ పద్ధతి గురించి మాట్లాడుతున్నారు. దాన్ని 19 నగరాల్లో పరీక్షిస్తామని 2024 జనవరిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ కార్యదర్శి చెప్పారు. సంతోషం. కానీ మళ్ళీ నగరాల జాబితాయే! మనం నిద్రపోతే ఈసారి కూడా మన జిల్లా ఆ జాబితా బయటే ఉంటుంది. ఉచితంగా రావలసిన పాఠాల చానెల్ కూడా ఏదో ఒక రోజు చందాల పెట్టెలోకి వెళ్ళిపోతుంది.

అందుకని మేము కోరేది మూడు సంగతులు. ఒకటి, మూసేసిన రిలే కేంద్రాల స్థలాలూ టవర్లూ వృథా కాకుండా జిల్లాకు ఒక డిజిటల్ ట్రాన్స్‌మిటర్ పెట్టాలి. రెండు, అందులో కనీసం రెండు చానెళ్ళు తెలుగు మాధ్యమం పిల్లల పాఠాలకూ, పోటీ పరీక్షలకూ కేటాయించాలి. మూడు, అది వచ్చేదాకా ప్రతి సంక్షేమ హాస్టల్‌కూ ప్రభుత్వమే ఫ్రీడిష్ అమర్చాలి. ఇకపై హాస్టళ్ళకు కొనే టీవీల్లో డీవీబీ-టీ2 ట్యూనర్ ఉందో లేదో చూసి కొనాలి.

పూర్వ విద్యార్థులారా! మీలో ఇంజనీర్లున్నారు, ఉపాధ్యాయులున్నారు, వకీళ్ళున్నారు. మన జిల్లా ట్రాన్స్‌మిటర్ ఎప్పుడు మూశారు, ఆ స్థలం ఇప్పుడు ఏమైంది, డిజిటల్ ప్రతిపాదన ఉందా అని ప్రసార భారతిని సమాచార హక్కు చట్టం కింద అడగడానికి పది రూపాయల రుసుము చాలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని 2005 నాటి చట్టం చెబుతోంది. దరఖాస్తు రాసే పద్ధతి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మీరు నేర్పండి, సంతకం వాళ్ళు చేస్తారు. జవాబు వచ్చాక దాన్ని పట్టుకుని ఎమ్మెల్యే దగ్గరికీ, ఎంపీ దగ్గరికీ అందరం కలిసి వెళదాం.

బావి మీద హక్కు కోసం, బడి మీద హక్కు కోసం మన పెద్దలు నిలబడ్డారు. గాలిలో పోయే పాఠం మీద హక్కు కోసం నిలబడటం మన వంతు.