చివరి అంకం ఎవరిది?

ఏ నాటకం చూసివచ్చినా, ఏ సినిమాకు వెళ్ళివచ్చినా, మనతో రాలేకపోయినవాళ్ళు ఇంట్లో మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “ఇంతకీ, చివరికి ఏమైంది?” నటన ఎలా ఉంది, పాటలెలా ఉన్నాయి అన్నవి తరువాతి మాటలు. పెళ్ళయిందా, విడిపోయారా, చచ్చిపోయారా అన్నది ముందు తేలాలి. అలంకారశాస్త్రం చెప్పుకు బతికే మాబోటివాళ్ళం దీనికి ‘ఫలాగమం’ అనీ, ‘నిర్వహణ సంధి’ అనీ పెద్దపెద్ద పేర్లు పెట్టుకున్నాం గాని, లోపలున్నది ఆ ఇంటివాళ్ళ ప్రశ్నే.

ఈ వారం ఆ ప్రశ్నను పట్టుకునే కొందరు రచయితలను పరిచయం చేద్దామనుకుంటున్నాను. స్వలింగ ప్రేమికులూ, ట్రాన్స్‌జెండర్లూ అందరినీ కలిపి ఇప్పుడు పత్రికల్లో ‘ఎల్‌జీబీటీక్యూ’ అంటున్నారు. పేరు నోరు తిరగదు గాని మనుషులు మనకు తెలిసినవాళ్ళే. ఇన్నాళ్ళూ వీళ్ళు నాటకాల్లోనూ సినిమాల్లోనూ పాత్రలుగా మాత్రమే ఉండేవారు. అందులోనూ తెలుగు సినిమాలో అయితే మరీను. ఒకడు నడుం తిప్పుతూ రావడం, కథానాయకుడు హడలిపోయి పారిపోవడం, హాలు హాలంతా ఘొల్లుమనడం. చాలాకాలం మన రచయితలకు ఇంతకు మించిన కల్పన తట్టలేదు. ఇప్పుడా పాత్రలే కలం చేతబట్టి, తమ కథకు చివరి అంకం తామే రాసుకుంటామంటున్నాయి.

వెక్కిరింపు లేకుండా, సానుభూతితో రాసినవాళ్ళు పూర్వం లేకపోలేదు. మరాఠీలో విజయ్ తెండూల్కర్ ‘మిత్రాచీ గోష్ట’ అనే నాటకం రాశారు. 1981లో అది రంగస్థలమెక్కింది. కాలేజీలో చదువుకునే సుమిత్ర అనే అమ్మాయి మరొక అమ్మాయిని ప్రేమిస్తుంది. ఆ కథను ఆమె స్నేహితుడొకడు మనకు చెబుతాడు. ఆ పిల్లను తెండూల్కర్ ఎక్కడా వేళాకోళం చెయ్యలేదు. ఆ రోజుల్లో అలా రాయడానికి గుండెనిబ్బరం కావాలి. అయితే మన ప్రశ్న మనం అడుగుదాం. చివరికి ఏమైంది? మిత్ర ఆత్మహత్య చేసుకుంది. బయటినుంచి చూసి జాలిపడే రచయితకు ఇంతకంటె వేరే ముగింపు దొరకదు కాబోలు. ప్రేక్షకులు కళ్ళు తుడుచుకుంటారు, తెర పడుతుంది, ఇంటికి వెళ్ళి అన్నం తింటారు. పోయిన మనిషిమీద జాలిపడడం తేలిక. బతికి, రేపు పొద్దున్న కాఫీకి మన వంటింట్లోకి వచ్చే మనిషితోనే చిక్కంతా.

బెంగుళూరులో పుట్టిన మహేశ్ దత్తాని ఇంగ్లీషులో నాటకాలు రాస్తారు. 1998లో సాహిత్య అకాడమీ బహుమానం పొందారు. ఆయన రాసిన ఒక నాటకం పేరు తెలుగులో చెప్పాలంటే ‘అగ్నిచుట్టూ ఏడడుగులు’. 1999లో బి.బి.సి. రేడియోలో ప్రసారమైంది. మనకు సప్తపది అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు కనుక ఆ పేరులోని పదును మనకు తగిలినంతగా లండను శ్రోతకు తగిలి ఉండదు. కమల అనే ఒక హిజ్రా హత్యకు గురవుతుంది. ఆమె స్నేహితురాలు అనార్కలిని పోలీసులు పట్టుకుపోయి లాకప్పులో పెడతారు. పోలీసు అధికారి భార్య ఉమ సోషియాలజీలో పరిశోధన చేస్తూ, ఆ పనిమీద వెళ్ళి అసలు సంగతి కూపీ లాగుతుంది. కమలను రహస్యంగా పెళ్ళాడినవాడు ఒక మంత్రిగారి కొడుకు. వాడికి ఘనంగా వేరే పెళ్ళి చేస్తున్న పందిట్లోనే వాడు తుపాకితో కాల్చుకుంటాడు. తరువాత ఆ వ్యవహారమంతా గుట్టుగా మాసిపోతుంది.

ఇక్కడా చావులున్నాయి గదా అంటారేమో. ఉన్నాయి. కాని తెండూల్కర్ నాటకంలో చావు విధిలాగ వచ్చింది. ఇక్కడ అది నేరం. చేసినవాళ్ళెవరో, కప్పిపుచ్చినవాళ్ళెవరో ఉమతోపాటు మనకూ తెలుస్తుంది. ‘అయ్యో పాపం’ అని లేచి వచ్చేయడానికి వీలులేకుండా చేశాడు రచయిత.

దత్తానిదే మరో నాటకంలో (ఉక్కపోత పోసే ఒక బొంబాయి రాత్రి కథ అది, 1998) కమలేశ్ అనే యువకుడి ఫ్లాటులో స్నేహితులు చేరతారు. కింద ఆవరణలో ఎవరిదో పెళ్ళి, మేళతాళాల చప్పుడు పైకి వినబడుతూ ఉంటుంది. కమలేశ్ సోదరి చేసుకోబోయే వరుడు, ఒకప్పుడు కమలేశ్ ప్రేమించిన మనిషే. ఆ సంగతి ఆమెకు తెలియదు. లోకానికి వెరచి ఆ వరుడు వేసిన ముసుగు ఎవరి మెడకు చుట్టుకుంటుందో గమనించండి. మన ఇళ్ళల్లో ‘పెళ్ళి చేస్తే వాడే దారిలో పడతాడు’ అని చెప్పే పెద్దలు ఆ పిల్ల సంగతి ఒక్కక్షణం ఆలోచించి ఉంటారా?

ఇక సినిమాకు వస్తాను. 1998లో మన రాంగోపాల్ వర్మ తీసిన ‘సత్య’కు ఎడిటర్లలో ఒకరు అపూర్వ అస్రానీ. అప్పటికి చాలా చిన్నవాడు. తరువాత రచయితగా మారి, హన్సల్ మెహతా దర్శకత్వంలో 2016లో విడుదలైన ‘అలీగఢ్’ చిత్రానికి స్క్రిప్టు రాశారు. అది జరిగిన కథ. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ చెప్పే ప్రొఫెసర్ రామచంద్ర సిరస్ ఇంట్లోకి 2010లో కొందరు కెమెరాలతో చొరబడ్డారు. ఆయన మరొక పురుషుడితో ఉండగా చిత్రం తీశారు. చొరబడడం తప్పనలేదు, ఆయన్ను సస్పెండు చేశారు. ఆ ఏడు ఏప్రిల్ 1న అలహాబాదు హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. వారం తిరక్కుండానే, 7వ తేదీన, ఆయన తన గదిలో చనిపోయి కనిపించారు.

జరిగిన కథ కాబట్టి అస్రానీ చివరి అంకం మార్చలేడు. మరేం చేశాడు? బరువును ముందరి అంకాల్లోకి జరిపాడు. ఆ ప్రొఫెసరు (మనోజ్ బాజ్‌పేయి వేశాడు) రాత్రిపూట ఒంటరిగా కూర్చుని లతా మంగేష్కర్ పాత పాట వింటాడు, తనలో తాను కూనిరాగం తీస్తాడు. కోర్టులో ఆయన బతుకునే తూకం వేస్తూ వకీళ్ళు వాదించుకుంటూంటే, ఆయన మనసు తన కవితల మీద ఉంటుంది. ఒక చిన్న ఊరి పరిమితుల్లో ఒక భాషా పంతులు ఎలా ఉంటాడో అలాగే ఉన్నాడు. తెలుగు పంతుల్ని గనక నాకా మనిషి బాగా తెలిసినవాడిలాగే అనిపించాడు. కవిగా, పంతులుగా, పాటల పిచ్చివాడుగా ఆయన్ను మనకు పరిచయం చేసిన తరువాతనే, లోకం ఆయనకు వేసిన పేరు వినిపిస్తాడు రచయిత. ఆ వరస తిరగేసి ఉంటే ఈ సినిమా వార్తాపత్రికలో ఒక కాలమై ఉండేది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. పురుషుల మధ్య, స్త్రీల మధ్య పరస్పర సమ్మతితో ఉండే సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. అటువంటి జంటల వివాహాన్ని గుర్తించడానికి మాత్రం 2023 అక్టోబరులో నిరాకరించి, అది శాసనసభల పని అంది. అంటే జైలు భయం పోయింది గాని పెళ్ళిపందిరి రాలేదు. ఇప్పటి కథల్లో ఎక్కువభాగం ఈ రెంటి మధ్యనున్న ఇరుకుజాగాలో, అంటే ఇంట్లో, అమ్మానాన్నల ఎదుట నడుస్తున్నాయి.

2019 ఫిబ్రవరిలో వచ్చిన ‘ఏక్ లడ్‌కీ కో దేఖా తో ఐసా లగా’ అలాంటిదే. దాన్ని దర్శకురాలితో కలిసి రాసిన గజల్ ధాలీవాల్ ట్రాన్స్ మహిళ. పాటియాలా నగరంలో పెరిగి, ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చేసి, అది వదిలి సినిమా రచనకు వచ్చారు. 2014లో ‘సత్యమేవ జయతే’ టెలివిజన్ కార్యక్రమంలో తల్లిదండ్రుల సమక్షంలో తన కథ దేశానికంతటికీ చెప్పుకున్నారు.

సినిమా కథ పంజాబులో మోగా అనే ఊళ్ళోది. ఆ ఇంటి ఆడపిల్ల స్వీటీ. ఆమె ప్రేమించింది కుహూ అనే అమ్మాయిని. (కుహూగా నటించినది మన రెజీనా.) తండ్రి పేరున్న బట్టల వ్యాపారి. ఆయనకూ ఒక రహస్యం ఉంది. వంట చెయ్యడమంటే ప్రాణం. కాని వాళ్ళమ్మ ఆయన్ను వంటింటి గడప తొక్కనివ్వదు. మగవాడు గరిటె పట్టడమేమిటని ఆవిడ బాధ. నలభీమపాకమని రోజూ అనుకునే మనకు నవ్వు వస్తుంది గాని, మన బామ్మల్లో మాత్రం ఎందరు ఒప్పుకుంటారు? కూతురి రహస్యం పక్కనే తండ్రి రహస్యాన్ని పెట్టడంలో ఉంది రచయిత్రి నేర్పు. తనకిష్టమైన దాన్ని తల్లికి దాచి బతకడం ఎలా ఉంటుందో ఆ మనిషి వయసంతా ఎరిగినవాడే. ఉపన్యాసాలతో పనిలేకుండా ఆయనలో ఒక చోటు మెత్తగా ఉందని మనకు ముందే తెలిసిపోతుంది.

ఈ సినిమాలో నాకు గుచ్చుకున్నదొకటుంది. కథలో సాహిల్ అనే నాటకరచయిత ఉన్నాడు. స్వీటీ కథను నాటకంగా రాసి, ఆమె ఊళ్ళోనే ఆమెచేతే వేయిస్తాడు. తండ్రి మనసు తిరిగేది ఆ నాటకం దగ్గరనే. ఆలోచన బాగానే ఉంది. కాని ఇద్దరు అమ్మాయిల కథ చెప్పడానికి మళ్ళీ ఒక మగ రచయిత కావలసివచ్చాడు! ప్రేమికులిద్దరూ తెరమీద కలిసి కనిపించే ఘడియలూ తక్కువే. పెద్ద తారలూ, పెద్ద పెట్టుబడీ ఉన్న సినిమాలో బేరం అలాగే కుదిరిందేమో. ఒక్కటి మాత్రం నిజం. ఎవరూ చావలేదు. తండ్రి కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. 1981లో మిత్రకు దొరకనిది ఇదే.

అన్నట్టు గజల్ ఇటువంటి కథలే రాస్తారనుకోకండి. 2017లో వచ్చిన ‘కరీబ్ కరీబ్ సింగిల్’ నడివయసు వితంతువుకూ, ఒక వదరుబోతు కవికీ మధ్య నడిచే ప్రయాణం కథ. దాని రచనలోనూ ఆమె చెయ్యి ఉంది. తమ బాధ ఒక్కటే రాయాలని వీళ్ళకు గిరి గీసే హక్కు ఎవరికీ లేదు గదా.

నగరాలూ, తారలూ ఏమీలేని మరో రంగస్థలం ఉంది. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి హిజ్రాగా తన బతుకును పుస్తకంగా రాశారు. 2010లో ఇంగ్లీషులో వెలువడింది. దాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసి, 2019కి సాహిత్య అకాడమీ అనువాద బహుమతి అందుకున్నారు. మీ ఊరి లైబ్రరీలో ఉంటే తప్పక చదవండి. ఇంట్లో తిన్న దెబ్బలు, ఇల్లు విడిచి వెళ్ళడం, అయినా మళ్ళీ మళ్ళీ అమ్మానాన్నల గడపకే తిరిగి రావడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ జీవితాన్నే రేవతి, ఎ. మంగై దర్శకత్వంలో, ‘వెళ్ళై మొళి’ పేరుతో ఏకపాత్ర నాటకంగా ప్రదర్శిస్తున్నారు. రాసిన మనిషీ, ఆడే మనిషీ, బతికిన మనిషీ ఒక్కరే.

దీనికీ మన స్త్రీ పాత్రధారులకూ తేడా ఏమిటని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. స్థానం నరసింహారావు సత్యభామ వేసి తెలుగుదేశాన్ని ఊపేశాడు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ జడ చూసి మురిసిపోయిన ఆడవాళ్ళున్నారు. వాళ్ళు తెర దిగగానే వేషం విప్పేవాళ్ళు. విప్పడానికి వేషం కానివాళ్ళ మాట వేరు. అదే కాలంలో హైదరాబాదు రాజ్యంలో 1919 నాటి చట్టమొకటి ఉండేది. దాని ప్రకారం ఇటువంటివాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి. అలా ఎక్కినవాళ్ళు ఆడవేషంలో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. మన రంగస్థలంమీద చీర కడితే సన్మానం, హైదరాబాదు వీధిలో కడితే ఖైదు! ఆ చట్టం చెల్లదని తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది ఎప్పుడనుకున్నారు? 2023 జులైలో.

ఇవన్నీ చెప్పుకున్నాక తెలుగు నాటకం మాటేమిటి? క్లాసులో చేతికివ్వడానికి ఒక పుస్తకం కోసం వెదికాను, ఇంకా వెదుకుతున్నాను. అయితే ఒక రాతప్రతి చూశాను. కొన్నేళ్ళ కిందట ఒక కాలేజీలో ఏకాంకికల పోటీకి నన్నొక న్యాయనిర్ణేతగా పిలిచారు. బి.ఏ. చదివే కుర్రాడొకడు పంపిన ఏకాంకికలో రెండే పాత్రలు. ఆదివారం ఉదయం. తల్లి గోంగూర ఒలుస్తూ ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి ఆడపిల్లవారు మాట్లాడుకోవడానికి వస్తున్నారు. ఆ సంబంధం తనకెందుకు వద్దో కొడుకు చెబుతాడు. తల్లి పలకదు. ఆకులు ఒలుస్తూనే ఉంటుంది. చాలాసేపటికి, “సరే, వాళ్ళని రావద్దని నేను ఫోన్ చేస్తాలే. నువ్వెళ్ళి రాళ్ళుప్పు పట్రా” అంటుంది. అంతే, తెర.

నాతో కూర్చున్న ఇద్దరిలో ఒకాయన ఇది సహజంగా లేదన్నాడు. రెండో ఆయన, కుర్రాడు చివర్లో ఏదైనా చేసుకుంటే రక్తి కడుతుంది గదా అన్నాడు. ఇద్దరూ ఒకటి, నేనొకణ్ణి. ఆ నాటిక ఆడలేదు. అది నీ సొంత కథా అని నేనా అబ్బాయిని అడగలేదు, అతను చెప్పలేదు.

ఇప్పుడతను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ దాన్ని చిన్న సినిమాగా తీయడానికి తిరగరాస్తున్నాడు. పండగలకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చి ప్రతి చూపిస్తాడు. మా ఇద్దరికీ ఒక్కచోటే తగాదా. ఫోన్ మాట తీసేసి, ఉప్పు మాట ఒక్కటే ఉంచుతానంటాడు. అమ్మ ఒప్పుకుందని అందులోనే ఉంది కదండీ మాస్టారూ అని అతని వాదన. ఫోన్ ఉండాలని నా పట్టు. నాలుగింటికి వాళ్ళు కార్లో దిగుతారు, వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పాలి, ఆ చెప్పే మనిషి తల్లి కావడమే అసలు కథ అంటాను. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా తెగలేదు.