ఆటవిడుపు: మసక వెలుతురులో ఎలుగుబంటి

బ్యాంకువాడు శీర్షిక రాస్తే వడ్డీ రేట్లు తప్ప ఇంకేముంటాయని మా శ్రీమతి ఎగతాళి. అందుకని ఈసారి ఎలుగుబంట్ల గురించి రాస్తున్నాను.

మా హోస్పేటకు దగ్గర్లోనే దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. 1994లో ఏర్పడింది. హంపి చూడవచ్చే మన బంధువులు విరూపాక్షుని గుడి, రాతిరథం చూసి రైలెక్కేస్తారు గాని, ఆ చుట్టుపక్కల బండల గుట్టలే ఎలుగులకు ఇళ్ళని చాలామందికి తెలియదు. పగలు ఎండకు అవి గుహల్లో పడుకుంటాయి. పొద్దు వాలాక చెదపుట్టలూ, పండ్లూ వెతుక్కుంటూ దిగుతాయి. కరడికల్లు గుట్టకు ఎదురుగా ఉన్న మంచె మీద కూర్చుని చూడాలి. కన్నడంలో కరడి అంటే ఎలుగుబంటి, కల్లు అంటే రాయి.

ఇక్కడే ఫోటోగ్రాఫరుకు చిక్కు. జంతువు నలుపు, అది వచ్చే వేళకు వెలుతురు ఉండదు. బి.కాం. చదివిన నాకు ఇది జమాఖర్చుల లెక్కలాగే అర్థమైంది. వెలుతురు జమ తగ్గినప్పుడు ఖర్చు ఎక్కడో సర్దుకోవాలి. సెకనులో 500వ వంతు తెరిచే షట్టరును 60వ వంతుకు దించితే సుమారు ఎనిమిదింతల వెలుతురు లోపలికి వస్తుంది, కాని ఎలుగు కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. ఐ.ఎస్.ఓ. 400 నుంచి 1600కు పెంచితే నాలుగింతలు కలిసొస్తుంది, కాని బొమ్మలో ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. ఏదీ ఉచితం కాదు. ఇంకొకటి. ఫ్రేము నిండా నల్లని జంతువు ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేయాలని చూస్తుంది. అందుకని ఎక్స్‌పోజరు కొంచెం తగ్గించి, నలుపును నలుపుగా ఉంచాలి. కెమెరా కింద చిన్న బియ్యపు సంచి పెట్టుకుని, ఎలుగు తల ఎత్తి ఆగే క్షణం కోసం కాచుకోవాలి.

ఏప్రిల్‌లో ఒకరోజు బంగారం అప్పుల వేలం నోటీసుల మీద సంతకాలు పెట్టాను. వాటిలో ఒక ముసలమ్మ గొలుసు ఉంది. "వానలు పడేదాకా ఆగు నాయనా" అంది. ఆపే అధికారం నాది కాదు. గడువు కోరుతూ పై ఆఫీసుకు ఒక ఉత్తరం రాసి, అనుమతి తీసుకొని నాలుగింటికి బయటపడ్డాను. మంచె మీద కూర్చున్నా చాలాసేపు ఆ గొలుసు తూకమే బుర్రలో తిరిగింది.

పొద్దు గుంకే ముందు ఒక తల్లి ఎలుగు బండ మీదుగా దిగింది. వీపు మీద రెండు పిల్లలు, జూలు పట్టుకుని. ఎలుగు జాతుల్లో పిల్లల్ని ఇలా వీపున మోసుకుతిరిగే అలవాటు వీటికే ఉంది. పదహారు బొమ్మలు తీశాను. పద్నాలుగు అలుక్కుపోయాయి. ఒకదానిలో తల్లి కన్ను మెరిసింది. ఆ తర్వాత వెలుతురు ఇంకా కొంచెం ఉండగానే కాపలాదారు "సార్, టైమైంది, ఇంక పదండి" అన్నాడు. లేచాను. వాటి రాత్రి వాటిది.

ముసలమ్మకు గడువు దొరికింది. గొలుసు విడిపించుకుంటుందా లేదా అన్నది వానలే తేల్చాలి. అడవికి పోయినందువల్ల ఆ చిక్కు తీరలేదు. కాని మర్నాడు ఆమెతో విసుక్కోకుండా మాట్లాడగలిగాను. అది చిన్న లాభమేమీ కాదు.

ఒక్క మాట దాచకూడదు. ఎలుగులు కనబడాలని అక్కడి బండలకు సిబ్బంది బెల్లం పూయడం చాలాకాలంగా అందరికీ తెలిసినదే. నా బొమ్మ కింద "బెల్లం బండ దగ్గర తల్లి ఎలుగు" అనే రాశాను. ఖాతాలో వివరం సరిగ్గా రాయకపోతే అంకె నిజమైనా లెక్క అబద్ధమే.

మీరు ఈసారి హంపి వస్తే ఒక సాయంత్రం దరోజికి కేటాయించండి. దుర్భిణి ఉంటే తెచ్చుకోండి. సెల్‌ఫోను ఫ్లాష్ ఆర్పేయండి. పిల్లల్ని గట్టిగా మాట్లాడవద్దనండి. ఫోటో రాకపోయినా దిగులుపడకండి, చూసింది మీ ఖాతాలో జమ అయినట్టే.